పడుగు దగ్గర తమ్ముడి జాగా

మా ఇంట్లో తమ్ముడు ఏం మాట్లాడినా జవాబు ఒక్కటే: "గోలి ఏసుకున్నవా?" కూరలో ఉప్పెక్కువైందంటే గోలి ఏసుకున్నవా. ఫ్యాను చప్పుడు చేస్తోందంటే గోలి ఏసుకున్నవా. ఓసారి టీవీ చూస్తూ గట్టిగా నవ్వాడని అమ్మ వంటింట్లోంచి మాత్రా నీళ్ల గ్లాసూ పట్టుకుని ఉరికొచ్చింది. నాకు తల బాదుకోవాలనిపించింది.

వాడికి ఇరవైల్లో జబ్బు చేసింది. మనిషి లేని చోట గొంతులు వినిపించేవి. గోడవతలివాళ్లు తనమీద కుట్ర చేస్తున్నారనేవాడు. ఆ రోజులు చెడ్డవే, కాదనను. నల్గొండలో డాక్టరు మందులు మొదలుపెట్టాక గొంతులు సద్దుమణిగాయి. చేతులు మాత్రం కొంచెం వణుకుతాయి, పొద్దున లేవడం కష్టం. ఎప్పుడు పోయినా డాక్టరు అడిగేది నిద్ర పడుతోందా, గొంతులు వస్తున్నాయా అనే. "అయితే బాగున్నట్టే" అని అవే మందులు రాస్తాడు. బాగుండటమంటే పొద్దంతా గడప పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోవడమేనా? ఆ మాట అడిగినవాళ్లు లేరు.

మాది మగ్గాల వాడ. ఎవరింటి పడుగుకు, అంటే మగ్గానికెక్కే నిలువు పోగులకు, గంజి పెట్టినా ఇంటికొకరు సాయం పోవాలి. వీధి పొడవునా నూలు సాగదీసి, గంజి పట్టించి, తెగిన పోగులు అతకాలి. ఇవాళ వాళ్లది, రేపు మనది. ఒకప్పుడు మా ఇంటి తరఫున తమ్ముడే పోయేవాడు. జబ్బు చేశాక అమ్మ పోతోంది, మోకాళ్లు పట్టుకుంటూ. వాడు కుర్చీలోంచి లేస్తే చాలు, "నువ్వు కూసో బిడ్డా, నీకెందుకీ కష్టం" అని వీధి వీధంతా జాలి. చుట్టాలైతే "పిచ్చి కుదిరింది, తలకు రోకలి చుట్టమన్నడట" అని సామెత చెప్పి నవ్వుతారు. వాళ్ల సామెతకు నిప్పు పెట్ట!

నేను జడ్చర్లలో ఉంటాను. "అక్కా, పడుగు కాడికి నన్ను పోనియ్యమని అమ్మకు జర చెప్పరాదే" అని ఫోన్ చేసేవాడు. చెబితే అమ్మ, "వాని చేతులు వణుకుతయ్. పోగు తెంపితే నలుగురు ఏమనుకుంటరు?" అనేది. "పోగు ఎవరి చేతిలో తెగదు?" అని అరిచి ఫోన్ పెట్టేసేదాన్ని.

పోయిన ఎండాకాలం నేను ఊళ్లో ఉన్నప్పుడే ఎదురింటి అవ్వ వాళ్ల పడుగు వీధిలో పరిచారు. ఉన్నట్టుండి మబ్బు పట్టింది. గంజి ఆరకముందే వాన పడితే నూలంతా పాడు. మనుషులు చాలలేదు. అమ్మ కొంగు బిగించి కుంటుకుంటూ బయల్దేరేసరికి నాకు చిర్రెత్తుకొచ్చింది. తమ్ముణ్ని రెక్క పట్టుకుని తీసుకుపోయి పడుగు దగ్గర నిలబెట్టాను.

"మా ఇంటి మనిషి వీడే" అన్నాను.

ఎవరూ వద్దనలేదు. కానీ అందరి కళ్లూ వాడి వేళ్ల మీదే. నేనూ అటు చివర చేరి అప్పటికే ఒక పోగు తెంపాను, అది ఎవరికీ పట్టలేదు. వాడి చేతిలో రెండు పోగులు తెగాయి. అంతే. అందరి మొహాల్లో అదే పాడు జాలి. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది.

అవ్వ గంజి చేతులతోనే లేచింది. ఆమె నోటికి జడవనివాళ్లు మా వాడలో లేరు.

"కండ్లు నెత్తికెక్కినయారా? ఏడ జూస్తున్నవ్? ఆ దిక్కు ఉరుముతాంది, నా పడుగంత నాశనం జేస్తవా? అతుకు, జల్ది!"

అమ్మ అడ్డం పోయింది. "గట్ల తిట్టకు అత్తా, వానికి బాగలేదు."

తమ్ముడు అప్పటికే వంగి, వణికే వేళ్లతో తెగిన కొసలు వెతుక్కుంటున్నాడు. తలెత్తకుండానే అన్నాడు.

"అందర్ని తిడ్తది గదనే. నన్ను గూడ తిట్టనియ్యే అమ్మా."