సైకిల్ పంపులో నీళ్లు

ఈ పొద్దు ఫ్యాక్టరీలో ఆయిల్ ఒత్తిడితో రేకులు నొక్కే నా ప్రెస్సు మెత్తబడింది, రేకు సరిగా వంగలేదు. ఆయిల్ పైపులో గాలి చేరిందని చెప్పినాను. సూపర్‌వైజరు వినలేదు, నాది సోమరితనమని మెమో రాసినాడు. నాకు ఒళ్లు మండింది. సైకిల్ పంపు తెచ్చి, మూతిని బొటనవేలితో మూసి, ఆయన్ని నొక్కమన్నాను. పిడి సగం దిగింది. తర్వాత పంపు నిండా నీళ్లు పట్టి, మళ్లీ మూతి మూసినాను.

"ఇప్పుడు నొక్కు సార్. గాలి అణుగుతుంది, నీళ్లు అణగవు. ఆయిలూ అంతే."

"ఎనిమిదో క్లాసు ఫెయిలైనోడివి, నాకు పాఠం చెప్తావా?" అంటా రెండు చేతుల్తో నొక్కినాడు. పిడి కదల్లేదు. నా వేలు జారింది, ఆయన తెల్లచొక్కా తడిసింది.

పైపులో గాలి తీస్తే ప్రెస్సు గట్టిగా దిగింది. ఆ మెమో చించేసినాడు. చొక్కా తడిపినందుకు ఇంకోటి రాసినాడు! దీనికేం జవాబు రాయాలో మీరే చెప్పండప్పా.