జయతీర్థ సారు ముందే ఊదిన విజిల్

ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల బడుల మధ్య ఫుట్‌బాల్ పోటీ జరిగితే రిఫరీ ఎవరని ఎవరూ అడగరు. జయతీర్థ సారే. అన్నదమ్ములిద్దరూ మంత్రాలయం మఠంలో సేవకు కుదురుకుంటే, ఈయనొక్కడే మడిపంచె వదిలి నిక్కరు తొడిగాడు. "మన ఇంట్లో శంఖం ఊదినోళ్ళుండారు గానీ ఈల ఊదినోడు లేడు" అని తండ్రి పాండురంగాచారి చాలాకాలం మాట్లాడలేదు. ఎమ్మిగనూరు బడిలో ఆటల మాస్టరు ఉద్యోగం వచ్చాక మాత్రం, జీతం ముఖం చూసి ఈలను క్షమించాడు.

ఆ ఈలకు పేరుంది. ఒక ఫైనల్లో సొంత బడి మీదే పెనాల్టీ ఇచ్చి, కప్పు పోగొట్టి, ఇంట్లోనూ బయటా చీవాట్లు తిన్నాడు. "తిట్లు అరుగుతాయప్పా, దొంగ విజిల్ అరగదు" అని నవ్వేశాడు. అట్లాంటి మనిషి.

నిజాయితీ ఎంతో మొండితనమూ అంతే. లైను దగ్గర జెండా పట్టే బసవరాజుతో ఆదోని బస్టాండు ముందర టీ తాగేటప్పుడల్లా ఒకటే గొడవ.

"సాన్ మారినో అని ఒక దేశముంది బసవా. మన ఎమ్మిగనూరు జనంలో సగం గూడా ఉండరు. జర్మనీ చేతిలో పదమూడు గోల్స్ తినిరి. అట్లాంటోళ్ళను పెద్ద ఆటలకు ఎందుకు పిలవల్ల? ఆడేటోళ్ళకూ సిగ్గు, చూసేటోళ్ళకూ సిగ్గు."

"వాళ్ళకు లేని సిగ్గు నీకెందుకు సామీ? ఓడిపోతామని తెలిసే వస్తాండారు గదా, నీ సొమ్మేం పోయింది?"

"ముందు చిన్నోళ్ళు చిన్నోళ్ళతో ఆడి, గెలిసి రానీ."

"మన దేశం గూడా ప్రపంచ కప్పులో ఒక్క ఆటా ఆడలేదు. మన టీమునూ ఇంట్లో కూచోబెడదామా?"

టీ చల్లారిందని జయతీర్థ హోటలు వాడి మీద పడ్డాడు.

మొన్న డిసెంబరులో ఆదోనిలో ఆడపిల్లల పోటీలు జరిగాయి. కౌతాళం అవతలి పల్లె బడి నుంచి మొదటిసారి ఒక జట్టు వచ్చింది. వాళ్ళకు గ్రౌండు లేదు, కాలువ పక్క బీడు నేలలో ఆడి నేర్చుకున్నారు. బూట్లన్నీ ఎరువు తెచ్చుకున్నవే. ఒకమ్మాయికి అవి పెద్దవైతే లోపల గుడ్డలు కుక్కుకుంది. కెప్టెన్ పేరు ఉరుకుందమ్మ, తొమ్మిదో తరగతి. పిల్ల పుల్లలా ఉన్నా గొంతు మాత్రం గ్రౌండు ఆ చివరికి వినబడుతుంది. ఎదురుగా ఆదోని టౌను పిల్లలు, ఏడాది పొడుగునా కోచ్ దగ్గర నేర్చుకున్నవాళ్ళు.

ఆట మొదలైన కాసేపటికే సంగతి తేలిపోయింది. సగం ఆటకు ఆరు గోల్స్ పడ్డాయి. ఆ తర్వాత గోడమీద కూర్చున్న కుర్రాళ్ళు పత్తి యార్డులో వేలం పాడినట్టు "ఎనిమిదీ! తొమ్మిదీ!" అని అరవడం మొదలుపెట్టారు. "పోయి పత్తి ఏరుకోండి పాపా!" అని ఒకడు. జయతీర్థ చెవులు కాలిపోయాయి. ఆట ఆపి ఆ గోడ ఖాళీ చేయించగలిగేవాడే. ఆ బుద్ధి అప్పుడు పుట్టలేదు.

పదకొండో గోలు కూడా పడ్డాక ఒక వింత జరిగింది. పల్లె పిల్లలు మొదటిసారి బంతిని అవతలి గోలు దాకా తోసుకుపోయారు. అది టౌను పిల్ల కాలికి తగిలి గోలు పక్కన గీత దాటింది. కార్నర్ కిక్! ఉరుకుందమ్మ బంతిని కడుపుకు కరుచుకుని మూల జెండా దగ్గరికి పరుగెత్తింది. "అందరూ రాండే! గోలీ గూడా రా!" అని కేక పెట్టింది. గోలు కాసే పిల్ల కూడా అంతదూరం నుంచి ఊగుతూ తూగుతూ పరుగెత్తుకొచ్చింది.

జయతీర్థకు మాత్రం వెనక ఖాళీగా ఉన్న గోలే కనబడింది. బంతి టౌను పిల్లలకు చిక్కితే పన్నెండోది పడుతుంది, గోడమీద మళ్ళీ వేలంపాట. గడియారం చూసుకున్నాడు. ఇంకా టైముంది. అయినా ఈల నోట్లో పెట్టుకుని ఆట అయిపోయిందని పొడుగ్గా ఊదేశాడు.

ఉరుకుందమ్మ బంతి మీద చెయ్యి తీయకుండానే తలెత్తింది. "సార్, ఇంగా టైముండాది గదా సార్?"

"అయిపోయింది పాపా. బాగా ఆడినారు, పోండి."

ఆట విషయంలో ఆ నోటి నుంచి అబద్ధం రావడం అదే మొదలు. పిల్ల బంతిని చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

బసవరాజు జెండా చుట్టుకుంటూ వచ్చాడు. "నీ గడియారం ముందుకు పోతాండాదా సామీ?"

"పిల్లోళ్ళు నలిగిపోతాండ్రి గదప్పా. ఆ గోడమీది ఎదవల మాటలు వింటివా?"

"పిల్లోళ్ళు కార్నర్ కొట్టనీకి పోతాండ్రి. నలిగిపోయింది నువ్వు."

ఆ రాత్రి అన్నంలో చారు కలిపి చెయ్యి అట్లాగే పెట్టుకు కూర్చున్నాడు. "ఏమ్రీ, ఉప్పెక్కువైందా?" అంది భార్య రమాబాయి. ఏం లేదన్నాడు. మంచే చేశానని తనకు తాను ఎన్నిసార్లు చెప్పుకున్నాడో! మంచి చేసినవాడికి ముద్ద ఎందుకు దిగడం లేదో మాత్రం తెలియలేదు.

సంక్రాంతి సెలవుల తర్వాత ఆ పల్లె బడి హెడ్మాస్టరు శివకుమార్ ఎమ్మిగనూరు బస్టాండులో ఎదురుపడి, తనే పలకరించాడు.

"ఆ పొద్దు మీరు తొందరగా ముగించి పుణ్యం కట్టుకున్నారు సార్. ఒక్క గోలన్నా కొట్టండి, వచ్చే ఏడూ పంపిస్తానంటి. కొట్టలేకపోయిరి. బంతి బీరువాలో పెట్టేసినా, ఆటల పీరియడు లెక్కలకు ఇచ్చేసినా."

జయతీర్థ అడిగాడు, "ఆ కెప్టెన్ పాప?"

"ఉరుకుందమ్మనా? టీము ఉంటే ఈ ఏడు అవ్వ దగ్గర ఇడిసిపోతామనిరి వాళ్ళమ్మా నాయినా. టీమే లేదంటే ఇంగేముంది? సుగ్గికి తోలుకపోయిరి."

సుగ్గి అంటే ఆ వైపు అందరికీ తెలిసిందే. ఇక్కడ పనులు అయిపోగానే కూలీ ఇళ్ళు తాళాలు వేసుకుని గుంటూరు దిక్కు మిరప కోతకు పోతాయి. పిల్లలూ వెంట పోతారు. మళ్ళీ వచ్చేసరికి బడిలో పరీక్షలు కూడా అయిపోతాయి.

"టైము కాలేదు సార్" అన్నాడు జయతీర్థ. గొంతు పెద్దదవడంతో బస్సు కోసం నిలబడ్డవాళ్ళు తిరిగి చూశారు. "నేను ముందే ఊదినా. వాళ్ళు కార్నర్ కొట్టాల్సుండె, నేను కొట్టనీలేదు."

శివకుమార్ నవ్వాడు. "పదకొండు తిన్నోళ్ళు అది మాత్రం కొడతారా?"

"కొడతారో లేదో తేల్చనీకి మీరెవరు, నేనెవరు? బంతి బయటికి తీయండి సార్. తీయకుంటే మీ బడికొచ్చి పిల్లల ముందరే సెప్తా."

బంతి తీశారో లేదో కనుక్కోకుండానే, సోమవారం ప్రార్థన వేళకు ఆ బడికి వెళ్ళి చెప్పనే చెప్పాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని తెలుసు. అయినా పట్టుకున్నాడు. పిల్లలు చప్పట్లూ కొట్టలేదు, ఏడవనూ లేదు. అందరి ముందర కాదనలేక శివకుమార్ బీరువా తెరిచాడు. బూట్లలో గుడ్డలు కుక్కుకున్న పిల్ల మాత్రం, "ఉరుకుందక్కకు సెప్పినారా సార్?" అని అడిగి, వాళ్ళ నాయన ఫోన్ నంబరు చెప్పింది.

జయతీర్థ బడి వరండాలో నిలబడే ఫోన్ చేశాడు. తండ్రి ఎత్తి కూతురికిచ్చాడు.

"పాపా, నేను రిఫరీ సారును. ఆ పొద్దు నేను అబద్ధం సెప్పినా. ఇంగా టైముండె. తప్పు నాదే తల్లీ."

అవతల మిరప ఘాటుకు ఎవరో దగ్గుతున్నారు.

"మాకు తెలుసు సార్."

"తెలిసి మళ్ళీ అడగలేదే?"

"మీరు తప్పు ఊదరని అందరూ అంటారు గదా సార్. మేము కొట్టలేమని మీకు తెలిసిపోయిందేమో అనుకుంటిమి."

పాపం చేసినవాడికి తిట్టేవాళ్ళుంటే కొంత హాయి. ఈ పిల్ల ఆ హాయి కూడా ఇవ్వలేదు.

"సార్, మా టీము ఉందా ఇంగా?"

"ఉంది. మీ సారు బంతి బయటికి తీసినాడు."

"అయితే వచ్చే ఏడు సుగ్గికి రానని నాయినకు సెప్తా." గొంతులో ఉత్సాహం వచ్చింది. వెంటనే తగ్గింది. "సార్, ఒక మాట. ఏమనుకోవద్దు."

"సెప్పమ్మా."

"మా ఆటకు మీరు ఊదొద్దు సార్. జాలి లేనోళ్ళను పెట్టండి. ఇరవై గోల్స్ పడినా వాళ్ళు కడదాకా ఆడనిస్తారు."

"సరే తల్లీ" అన్నాడు జయతీర్థ. అవతల కూలీల మేస్త్రీ కేకేసినట్టున్నాడు, పిల్ల ఫోన్ పెట్టేసింది. ఆ మాట కోపంతో అన్నది కాదు. కోపంతో అని ఉంటే ఎమ్మిగనూరు బస్సెక్కే దాకా ఆయన కళ్ళు అన్నిసార్లు తుడుచుకోవలసి వచ్చేది కాదు.