మా బావ తిప్పి చూడని నక్షత్రం

మా బావ లూమిస్ క్రమ్రైన్‌ది ఒకటే జబ్బు. చేతికి ఏ వస్తువు దొరికినా వెనక్కి తిప్పి చూడందే ఊరుకోడు. వృత్తికి పళ్ళ డాక్టరు. చిన్న అద్దం పెట్టి ఊళ్ళోవాళ్ళ పళ్ళని వెనకనుంచి చూసీ చూసీ, లోకంలో ప్రతిదానికీ అసలు సంగతి వెనకే ఉంటుందని తేల్చుకున్నాడు. "ముందువైపు ఊరికి చూపించుకోడానికిరా, నిజం వీపు మీద ఉంటుంది" అనేవాడు నాతో.

మా అక్క డొరీన్‌ని పెళ్ళాడతానని చెప్పడానికి మా ఇంటికొచ్చిన రోజే, అమ్మ వడ్డించిన పళ్ళెం ఎత్తి అడుగున ముద్ర చూశాడు. అందులో గ్రేవీ ఉన్న సంగతి మరిచాడు. గ్రేవీ మా నాన్న ఒళ్ళో పడింది.

"మంచి పింగాణీయే" అన్నాడు బావ.

"మంచి ప్యాంటు కూడా" అన్నాడు నాన్న.

ఆ తర్వాత మా అబ్బాయి బాప్తిస్మం రోజు బిడ్డని చేతికిస్తే, పాస్టరుగారి ఎదుటే బోర్లా తిప్పాడు. "ఏం వెతుకుతున్నావు, ఎక్కడ తయారైందో రాసుందేమోననా?" అంది అక్క. బావ సిగ్గుపడలేదు. ఆ గుణం ఆయనలో ఏ వైపు తిప్పినా కనిపించేది కాదు.

పళ్ళు పీకడం మానేశాక పాత మిలిటరీ పతకాల మీద పడ్డాడు. ఒహాయోలో మా కాల్డర్స్ ఫోర్డ్‌లాంటి ఊళ్ళో ప్రతి అటక మీదా ఓ చుట్టల డబ్బా ఉంటుంది, అందులో ఓ తాత ఉంటాడు. యుద్ధాల్లో పోయినవాళ్ళని తలుచుకునే మెమోరియల్ డే ఊరేగింపు అయ్యాక జనం మాజీ సైనికుల హాలుకి ఒక చేత్తో బంగాళాదుంపల సలాడ్, ఇంకో చేత్తో ఆ డబ్బా పట్టుకొచ్చేవారు. బావ భూతద్దంతో కూర్చునేవాడు. తిప్పేవాడు. చెప్పేవాడు.

"ఇది పతకం కాదు, బ్యాడ్జీ. చికాగోలో మాజీ సైనికుల మహాసభకి వెళ్ళినవాళ్ళకి ఇచ్చారు. మీ తాత రైలెక్కాడు, అంతే."

"ఇది గురి తప్పకుండా కొట్టినందుకు. ఎవర్ని కొట్టాడంటే, అట్టముక్కని."

ఒకసారి మాంసం కొట్టు హోబర్ట్ కోపం పట్టలేక బావ ముక్కు మీద గుద్దాడు. బావ రక్తం తుడుచుకుంటూనే ఆ పిడికిలి పట్టుకుని తిప్పి, "ఉంగరం మాత్రం అసలుదే" అన్నాడు.

ఇలాంటి మనిషి ఒక్క దాన్ని మాత్రం ఏనాడూ తిప్పలేదు. అది ఎర్నెస్టీన్ టీచరుగారి నక్షత్రం.

బావకీ నాకూ అక్షరాలు నేర్పింది ఆవిడే. వాళ్ళ తాత జూబల్ ట్రెడ్‌వే అంతర్యుద్ధంలో పోరాడి, దేశంలోకెల్లా పెద్ద శౌర్య పతకం తెచ్చుకున్నాడని ఊరంతా నమ్మకం. డేగ బొమ్మ కింద జెండా రంగుల రిబ్బన్, దాని కింద కంచు నక్షత్రం. చిక్కెక్కడంటే, ఆ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సిపాయిలు సంఘం పెట్టుకుని చేయించుకున్న బ్యాడ్జీ కూడా అచ్చం అలాగే ఉంటుంది. ముందునుంచి చూస్తే రెండూ కవలలే. తిప్పితే తేలిపోతుంది. శౌర్య పతకానికైతే వెనకాల మనిషి పేరు చెక్కి ఉంటుంది.

టీచరుగారు ఏటా దాన్ని తెచ్చి బావ ముందు పెట్టేది. బావ కుడిచెయ్యిని తొడకింద పెట్టుకుని కూర్చునేవాడు. "రిబ్బన్‌కి ఎండ తగలనివ్వకండి టీచరుగారూ" అని మర్యాదగా తిరిగిచ్చేసేవాడు. బెత్తం భయం ఇంకా పోలేదని మేం నవ్వుకునేవాళ్ళం.

ఇలా ఉండగా హాలుకి రాయిస్ పెల్‌ఫ్రీ అధ్యక్షుడయ్యాడు. మంచివాడే, కాకపోతే సర్దుడు పిచ్చి. కొత్త అద్దాల పెట్టె చేయించాడు. అసలు పతకాలు పెట్టెలోకి, బ్యాడ్జీలన్నీ నేలమాళిగలో క్రిస్మస్ దీపాల పక్కకి అన్నాడు. పెట్టె నడుమ జూబల్ నక్షత్రం ఉంటుందని మైకులో ప్రకటించి, "డాక్టరుగారు వెనక ఉన్న పేరు చదివి వినిపిస్తారు" అన్నాడు.

బావ నక్షత్రాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

"తిప్పను" అన్నాడు.

"అదేంటి డాక్టరుగారూ" అన్నాడు రాయిస్. "నిరుడు మా తాత పతకం తిప్పి, అది ఆవుల పోటీలో ఇచ్చిందని ఇదే మైకులో చెప్పారు. అప్పుడు లేని మొహమాటం ఇప్పుడేంటి?"

"ఆవు మంచిదే. ఇది మాత్రం తిప్పను. నా చెయ్యి, నా ఇష్టం."

రాయిస్ చెయ్యి చాచాడు. బావ దిగ్గున లేచి, నక్షత్రాన్ని చొక్కా జేబులో వేసుకుని, జేబు మీద అరచెయ్యి ఆనించి నిటారుగా నిలబడ్డాడు. గుండెమీద చెయ్యితో మనిషి నిలబడితే మా ఊళ్ళో ఒకటే అర్థం. ముసలి సిపాయిలు లేచారు. ఆడవాళ్ళు లేచారు. బ్యాండువాళ్ళు నోట్లో శాండ్‌విచ్చి మింగి జాతీయ గీతం అందుకున్నారు. అది అయ్యేదాకా రాయిస్ కూడా చచ్చినట్టు గుండెమీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు, బావని కొరకొరా చూస్తూ.

గీతం అయిపోయింది. టీచరుగారు కర్ర తాటించుకుంటూ వచ్చింది.

"ఒరే లూమిస్, ఇలా తే."

మా బావ ఇచ్చేశాడు. ఆవిడ దాన్ని అందరి ముందూ బల్లమీద వెనక్కి తిప్పి పెట్టింది. పేరు లేదు.

"మా నాన్న చనిపోయిన ఏడే తిప్పి చూశాను" అంది.

"మరి ఏటా ఎందుకు తెచ్చారండీ?" అన్నాడు రాయిస్.

"మూడో తరగతిలో వీడు నా గడియారం తిప్పి పాడుచేశాడు. తిప్పకుండా ఉండటం వీడికి ఎప్పటికైనా వస్తుందేమోనని తెస్తున్నా. వచ్చింది. పళ్ళు బిగబట్టి నాకోసం నేర్చుకున్నాడు, వెధవ." ఆవిడ కర్ర రాయిస్ వైపు తిప్పింది. "దీన్ని కిందకి పంపుతావా రాయిస్? పంపు. నేనూ వెళ్ళి క్రిస్మస్ దీపాల పక్కన కూర్చుంటా" అంది.

మా బావ కుర్చీ లాక్కెళ్ళి అద్దాల పెట్టెకి అడ్డంగా వేసుకుని కూర్చున్నాడు.

"అన్నీ పైనే ఉండాలి. లేకపోతే నేను లేవను. పతకం గవర్నమెంటు ఇస్తుంది. ఇది, తిరిగొచ్చినవాళ్ళు రానివాళ్ళని మరిచిపోకుండా పెట్టుకున్నది. ఇన్నాళ్ళూ బ్యాడ్జీ అన్నాను నిజమే. తక్కువని ఎప్పుడన్నాను?"

హోబర్ట్ ఇంకో కుర్చీ తెచ్చి బావ పక్కన వేసుకున్నాడు. తర్వాత నేనూ తెచ్చుకున్నాను. అక్క మాకందరికీ ఆపిల్ పై తెచ్చిపెట్టింది. బావ చేతికి పళ్ళెం ఇవ్వకుండా తనే పట్టుకుని తినిపించింది. పళ్ళేలు ఖాళీ అయ్యేసరికి రాయిస్ దారికొచ్చాడు. "ఆవు పతకం కూడానా?" అని మాత్రం అడిగాడు.

"ముందు అదే పెట్టు" అన్నాడు బావ.

"ఇన్నేళ్ళు ఓర్చుకున్నావు, ఇప్పుడు కరువుతీరా చూసుకోరా" అంది టీచరుగారు. మా బావ భూతద్దం తీశాడు. నక్షత్రం వెనకాల చుట్టూ ఆ యుద్ధంలోని సేనల గుర్తులు చిన్నచిన్నగా అచ్చుపోసి ఉన్నాయి. అన్నీ స్పష్టంగా ఉన్నాయి, ఒక్కటి తప్ప. అది నున్నగా అరిగిపోయింది.

"ఇదే మీ తాతగారి సేన" అన్నాడు బావ. "బొటనవేలితో రుద్దీ రుద్దీ అరగదీశాడు."

టీచరుగారు ఆ నున్నటి చోట తన బొటనవేలు ఆనించింది. తర్వాత నవ్వింది. "కూర్చున్నప్పుడల్లా జేబులో చెయ్యి పెట్టుకునేవాడు. పొగాకు దాస్తున్నాడని మా నానమ్మ చచ్చేదాకా తిట్టింది."

జూబల్ నక్షత్రం ఇప్పుడు పెట్టె నడుమ, వీపు జనానికి చూపిస్తూ ఉంటుంది. పొరపాటున తిరగబడిందనుకుని అప్పుడప్పుడు రాయిస్ దాన్ని సరిచేస్తాడు. మర్నాటికి మళ్ళీ తిరిగిపోతుంది. ఊరంతా మా బావనే తిడుతుంది, ఆయన నోరు మెదపడు. పెట్టె రెండో తాళంచెవి టీచరుగారి దగ్గరుంది.