తోమిన గిన్నెల మీద నీళ్ళు

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి చీర మార్చుకుంటూ ఉండగా రామచంద్రపురం నుంచి మా ఆడపడుచు ఫోన్ చేసింది. మామూలుగా ఆవిడ ఫోన్ చేస్తే ముందు మోకాళ్ళ సంగతి, తర్వాత బీపీ సంగతి, ఆ రెండూ అయ్యాక గాని అసలు సంగతి రాదు. ఆ రోజు మాత్రం ఎత్తుకోవడమే, "వదినా, మీ ఇంట్లో ఆ అంట్లు తోమే మిషనుంది కదా, మా వాళ్ళు కొందామంటున్నారు, మనలాంటి ఇళ్ళకి అది అవసరమంటావా?" అని అడిగింది. సాయంత్రం ఆలోచించి చెబుతానన్నాను. ఇందులో ఆలోచించడానికేముందని ఆవిడ నొచ్చుకునే ఉంటుంది. కానీ మా ఇంట్లో ఆ సంగతి తేలడానికి ముందు జరిగినదంతా ఫోనులో ఒక్క మాటలో చెప్పేది కాదు. నా ఈడు వాళ్ళకి, నూతి పళ్ళెం గచ్చు మీద గొంతుక్కూర్చుని అంట్లు తోమిన తల్లుల కడుపున పుట్టినవాళ్ళకి చెబితే ఏమైనా అర్థమవుతుందేమో.

మా ఊరు కొత్తపేటకి దగ్గర. మా అమ్మ ఆ ఊళ్ళో కామందుగారింట్లో అంట్లు తోమేది, నాన్న వాళ్ళ పొలంలోనే పాలేరు. మాది ఊరి చివర పేట, తాతల నాడే చర్చికి వెళ్ళడం మొదలుపెట్టిన కుటుంబం. బడి లేని రోజుల్లో నేను అమ్మ వెంట వెళ్ళి, వాళ్ళ పెరట్లో కొబ్బరి చెట్టు మొదట్లో కూర్చుని, అమ్మ చేతుల కేసి చూస్తూ ఉండేదాన్ని. ఇత్తడి గుండిగలు, చెంబులు, మాడిపోయిన మూకుళ్ళు కుప్పగా పడి ఉండేవి. పొయ్యిలో బూడిద, పిసికేసిన చింతపండు పిప్పి, కొబ్బరి పీచు, ఈ మూడే అమ్మ సరంజామా. ఆ మూడింటితోనే బిందెలో మన మొహం మనకి కనిపించేటట్టు తోమేది. తోమినవన్నీ కడిగి వెనక అరుగు మీద వరసగా బోర్లించడంతో అమ్మ పని అయిపోయేది, ఆ అరుగు దాటి లోపలికి వెళ్ళడానికి లేదు. అమ్మ అక్కడ అన్నం తినే సత్తు పళ్ళెం కూడా లోపలి పళ్ళేలతో కలిసేది కాదు, పశువుల పాక గోడలో ఒక గూడుంటే అందులో ఉండేది.

అమ్మ గిన్నెలు బోర్లించి పక్కకి జరిగాక ఆ ఇంటి అమ్మగారు చెంబు పట్టుకుని వచ్చేవారు. కొంగు దోపుకుని, అప్పుడే కడిగిన ప్రతి గిన్నె మీదా మళ్ళీ నీళ్ళు పోసి, అప్పుడు లోపలికి పట్టుకెళ్ళేవారు. కడిగిన వాటి మీద మళ్ళీ నీళ్ళెందుకమ్మా అని ఇంటికెళ్ళే దారిలో అడిగితే అమ్మ, "బూడిద ఉండిపోద్దని" అంది. నేను నమ్మాను. నమ్మడమే కాదు, అంత దూరం వచ్చి పని చేస్తూ ఆ బూడిదేదో సరిగ్గా కడగొచ్చు కదా అని అమ్మ మీద కోపం కూడా తెచ్చుకున్నాను.

ఆ కోపంతోనే తర్వాత వెళ్ళినప్పుడు గిన్నెలు కడిగే పని నేను తీసుకున్నాను. ఒక్కొక్క గిన్నె లోపలా బయటా వేలితో రాసి చూసి, బూడిద రవ్వ లేదని తేల్చుకున్నాకే బోర్లించాను. అమ్మగారు చెంబుతో వచ్చేసరికి గొప్ప పని చేసినదానిలా ఎదురెళ్ళి, "బూడిద లేదండి, నేను చూసేనండి" అన్నాను. ఆవిడ నవ్వి, "నాకు తెలుసులేవే" అంటూనే గిన్నెల మీద నీళ్ళు పోసుకుంటూ పోయారు. అమ్మ కొబ్బరి పీచు పిండుతూ ఉంది. అది ఎప్పుడో పిండేసిన పీచు, అయినా తలెత్తకుండా పిండుతూనే ఉంది. ఆ రోజు నుంచి నేనా ప్రశ్న అడగలేదు, అమ్మ నన్ను అంట్ల దగ్గరికి రానివ్వలేదు.

అమ్మగారు చెడ్డ మనిషి కాదు, అదే నాకు ఇప్పటికీ మింగుడుపడని సంగతి. నన్ను హాస్టల్లో వేసినప్పుడు బట్టలు పెట్టుకోవడానికి రేకుపెట్టె ఇచ్చింది ఆవిడే. మాకు జ్వరమొస్తే గంజి పంపింది ఆవిడే. కసిరిన మాట నేను వినలేదు. రేకుపెట్టె ఇచ్చిన చెయ్యీ, నీళ్ళు పోసిన చెయ్యీ ఒకటే అవడం వల్ల ఎవరిని తిట్టుకోవాలో తెలియక, నేను ఎవరినీ తిట్టకుండానే పెద్దదాన్నయ్యాను.

తర్వాత చదువుకున్నాను, టీచరు ఉద్యోగం వచ్చింది, అమలాపురంలో ఇల్లు కట్టుకున్నాం. నాన్న పోయాక అమ్మని మా ఇంటికి తెచ్చుకున్నాను. అప్పట్లో మాకు పనిమనిషి ఉండేది, కొన్నాళ్ళకి ఆవిడ ముమ్మిడివరం వైపు రొయ్యల పనిలో బావుందని అటు వెళ్ళిపోయింది. ఇంకొకరిని వెతుకుదామని మేము అనుకుంటూ ఉండగానే అమ్మ సింకు ముందు పీట వేసుకుని ఎక్కి నిలబడిపోయింది. ఇంత వయసులో నీకిదేం ఖర్మ, నలుగురూ ఏమనుకుంటారు అని నేను కేకలేస్తే, ఒక్క మాట అంది. "ఇక్కడ నేను తోమినయ్యి నేనే లోపల పెట్టుకుంటున్నానే. నన్నాపకు."

నేను మళ్ళీ ఆపలేదు. నిజంగానే అమ్మకి తోమడం మీద కాదు, తోమిన తర్వాత పని మీద ఇష్టం. గిన్నెల్ని గుడ్డతో తుడిచి, ఒక్కోదాన్నీ రెండు చేతులా పట్టుకుని, వంటింట్లోకి నడిచి వెళ్ళి, అల్మారాలో పెద్దవి వెనక్కి చిన్నవి ముందుకి సర్దుకునేది. ఆ కాస్త దూరం నడవడం కోసమే అమ్మ అన్ని అంట్లూ తోముతోందని నాకు తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు. మావారు మాత్రం అత్తగారు ఇల్లంతా తనదే అన్నట్టు సర్దుతున్నారని వేళాకోళం చేసేవారు. ఆ వేళాకోళానికి అమ్మ మురిసిపోయేది.

మా అబ్బాయికి పెళ్ళయింది. కోడలిది రాజోలు వైపు, బ్యాంకులో ఉద్యోగం, నెమ్మదైన పిల్ల. మనవడు పుట్టేనాటికి అమ్మ చూపు బాగా మందగించింది. ఆపరేషన్ చేయించినా కంటికి మసక వదల్లేదు. గ్లాసుల అడుగున పాల మీగడ, పళ్ళేల అంచున మెతుకులు ఉండిపోయేవి. నేను కనిపించినవి కనిపించినట్టు కొంగుతో తుడిచేసేదాన్ని. కోడలు ఏం చేసేదో నాకు తెలియదు.

బ్యాంకుకి సెలవున్న ఒక రోజు మధ్యాహ్నం నేను బజారు నుంచి వచ్చేసరికి అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. అది అమ్మ పడుకునే వేళ. లోపల కుళాయి ధారగా పడుతున్న చప్పుడు. అమ్మ భుజం మీదుగా చూద్దును కదా, కోడలు మా వైపు వీపు పెట్టి, అమ్మ తోమి సర్దిన గిన్నెలన్నీ అల్మారాలోంచి దింపుకుని, మగ్గుతో ఒక్కోదాని మీదా నీళ్ళు పోస్తోంది. అమ్మ గోడ పట్టుకుని వెనక్కి తిరిగి తన గదిలోకి వెళ్ళిపోయింది. కోడలు అప్పుడు నన్ను చూసి కంగారు పడి, "సబ్బు ఉండిపోతోందండి అత్తయ్యగారూ, పిల్లాడి గ్లాసులు కదా అని..." అంది. నేను సంచీ కింద పెట్టి అక్కడే కుర్చీలో కూర్చున్నాను. అరవై ఏళ్ళు దాటిన దాన్ని, ఆ క్షణంలో కామందుగారి పెరట్లో కొబ్బరి చెట్టు మొదట్లో కూర్చున్నట్టే ఉంది.

మర్నాటి నుంచి అమ్మ సింకు దగ్గరికి వెళ్ళలేదు. అడిగితే చేతులు లాగుతున్నాయంది. అంతటితో పోతే పోయేది. తను తిన్న పళ్ళెం పెరటి కుళాయి దగ్గర తనే కడుక్కుని, తన గది కిటికీలో విడిగా పెట్టుకోవడం మొదలుపెట్టింది. సొంత కూతురి ఇంట్లో, మా అబ్బాయి తన కోసం కట్టించిన గదిలో, పశువుల పాకలో గూడు మళ్ళీ వెలిసింది. ఆ కిటికీ వైపు చూడలేక నేను ఆ గదిలోకి వెళ్ళడమే తగ్గించేశాను.

ఆ సాయంత్రాల్లో ఒకనాడు పెరట్లో బట్టలు తీస్తూ కోడలికి అన్నీ చెప్పాను. ఆ పిల్లకి తెలిసే వీలేముంది, మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఆ మాటలు అనుకున్నవాళ్ళం కాదు. వింటూ వింటూ చేతిలో బట్టలు తీగ మీదే వదిలేసి అమ్మ దగ్గరికి వెళ్ళి, కాళ్ళ దగ్గర కూర్చుని, "అమ్మమ్మగారూ, రేపట్నుంచి మీరే తోమండి, నేను చెయ్యి పెట్టనండి" అని ఏడ్చింది. అమ్మ దాని తల నిమిరింది. "నీ తప్పేం ఉందమ్మా, కళ్ళు నావి పోయేయి. పసివోడికి ఏదన్నా చేస్తే ఎలాగ?" అంది. కోపమొచ్చి నాలుగు అన్నా బాగుండేది. అంత మర్యాదగా మాట్లాడేసరికి ఇద్దరం ఇంకేం చెయ్యలేకపోయాం.

మిషను మాట మా అబ్బాయి ఎత్తింది అప్పుడే. వాడికి జరిగిందంతా తెలుసో తెలియదో నేను అడగలేదు. మావారు వెంటనే అడ్డం పడ్డారు. ముందు మనం మెతుకులన్నీ గీకి, మాడు నానబెట్టి అందులో పెట్టాలట, ఆ మాత్రం మనమే చేశాక ఇంక అది చేసేదేమిటని ఆయన వాదన. చేపల పులుసు వండిన సత్తు దాకలు అందులో పెడితే నల్లబడతాయట, కరెంటు పోతే సగంలో ఆగిపోతుందట, ఇవన్నీ ఎక్కడ విన్నారో గాని అన్నీ ఏకరువు పెట్టారు. అందరికంటే అవసరం ఎక్కువున్న కోడలు అందరికంటే గట్టిగా వద్దంది. మిషను వచ్చిందంటే అమ్మమ్మగారిని ఇంక మనం పనికిరారని చెప్పినట్టేనని దాని బాధ. నాకూ అదే భయం. మిషను కొంటే అమ్మకి సింకు దగ్గర ఉన్న ఆ కాస్త చోటూ పోతుంది, కొనకపోతే ఆ కిటికీలో పళ్ళెం అలాగే ఉంటుంది. ఎటూ తేలక వారం వారం అదే పంచాయితీ నడిచింది.

ఒక రోజు భోజనాల దగ్గర అమ్మే తేల్చేసింది. "కొనండి బాబూ. ఎవరి చేతులూ లేకపోతే ఎవరికీ గొడవుండదు" అంది. ఆ మాటకి మావారికి నవ్వొచ్చింది. నేనూ కోడలూ సగం అన్నంలోనే లేచి పళ్ళేలు తీసేశాం.

మిషను వచ్చింది. బిగించిన అబ్బాయి, మీ బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ, ఇందులో ఉప్పు పొయ్యాలి అని చెబితే, దీనికీ ఉప్పూ కారం కావాలన్నమాట అని మావారు కాసేపు ఏడిపించారు. మొదటిసారి వేసినప్పుడు అమ్మ ప్లాస్టిక్ కుర్చీ తెప్పించుకుని దాని ఎదురుగా కూర్చుంది. లోపల నీళ్ళు తిరుగుతున్న చప్పుడు వింటూ, పడుకోమన్నా పడుకోకుండా, అది ఆగేదాకా అలాగే కూర్చుంది. ఆగాక కోడలు తలుపు తీస్తే ఆవిరి పైకి వచ్చింది. తను గిన్నెలు ఒక్కొక్కటే తీసి తిన్నగా అల్మారాలో పెట్టడం మొదలుపెట్టింది.

అమ్మ ముందుకి వంగి, "ఇంతేనామ్మా? మళ్ళీ నీళ్ళు పొయ్యక్కర్లేదా?" అని అడిగింది.

కోడలు చేతిలో పళ్ళెంతో అమ్మ వైపు తిరిగింది. "అక్కర్లేదండి అమ్మమ్మగారూ" అంది.

"ఆయ్. అయితే అదృష్టవంతురాలే" అంది అమ్మ, ఆ మిషను కేసి చూస్తూ.

ఎత్తిపొడుపుగా అనలేదు. తనలాగే పనిచేసి బతికే ఇంకొక ఆడమనిషికి మంచి ఇల్లు దొరికిందంటే ఎలా అంటామో అలాగే అంది. ఆ సాయంత్రం కిటికీలో పళ్ళెం తనే తెచ్చి, వంగి, మిషనులో మా పళ్ళేల మధ్య నిలబెట్టింది. మా పళ్ళేలతో పాటు ఒకే నీళ్ళలో అమ్మ పళ్ళెం తిరగడం, అది కిటికీలోకి చేరాక, అదే మొదలు. ఆ తర్వాత వానాకాలం దాటలేదు అమ్మ.

ఇప్పుడు కామందుగారి పెరడు లేదు, ఆ అరుగూ లేదు, వాళ్ళ పిల్లలు అమ్ముకుని వెళ్ళిపోయారని విన్నాను. చెంబుతో నీళ్ళు పోసుకునే ఇల్లు ఇప్పుడు మా వైపు ఎక్కడా ఉందని నేననుకోను. పోవలసినదే పోయింది, దానికి నేనెందుకు బాధపడతాను. కాకపోతే అది పోయేదాకా ఉండి, తను తోమిన గిన్నె తిన్నగా లోపలికి వెళ్ళడం కళ్ళారా చూసుకోవలసిన మనిషికి, ఆ మర్యాద తన చేతులకి కాకుండా ఒక యంత్రానికి దక్కడమే చూసే రాత అయింది. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు దుఃఖం ఆగదు.

సాయంత్రం ఆడపడుచుకి ఫోన్ చేసి కొనుక్కోమన్నాను. నడుము నొప్పి తగ్గుతుంది, నీళ్ళూ కలిసొస్తాయి అన్నాను. నిజం చెప్పాలంటే మా మిషను అంత బాగా ఏమీ తోమదు, అప్పుడప్పుడు పళ్ళెం అంచున మెతుకు అలాగే ఉండిపోతుంది. మా కోడలు ఆ మెతుకుని గోటితో తీసేసి, పళ్ళేన్ని కొంగుతో తుడిచి, అల్మారాలో పెట్టేస్తుంది. కుళాయి మాత్రం తిప్పదు.