లిఫ్టులో మాట్లాడకూడదన్నారు

మద్రాసు శివారు షోళింగనల్లూరులో మేముంటున్న అపార్టుమెంటులో మొన్న కింద గోడకి ఒక నోటీసు అంటించారు, భోజనాలు తెచ్చిచ్చేవాళ్ళూ పనివాళ్ళూ వెనకవైపు లిఫ్టులోనే రావాలని. ఆ లిఫ్టు చెడిపోయి నాలుగు రోజులైంది. ఒక నడివయసు మనిషి సంచీ భుజాన వేసుకుని తొమ్మిదో అంతస్తు దాకా మెట్లెక్కి వచ్చి, మా అమ్మాయి చేతికి పొట్లం ఇచ్చి, నేను మంచినీళ్ళు తెచ్చేలోపే దిగి వెళ్ళిపోయాడు. ఆయన ఆయాసం మెట్ల మీద చాలాసేపు వినబడింది. నాకా పూట అన్నం సయించలేదు. అలాంటి ఆయాసం పక్కనే నిలబడి కొన్నేళ్ళపాటు విన్నవాణ్ణి నేను.

నాకప్పుడు పందొమ్మిదేళ్ళు. ఆంధ్రరాష్ట్రం విడిపోయాక మద్రాసులోని తెలుగు గుమాస్తాలు ఒక్కొక్కరే సామాను సర్దుకుని వెళ్ళిపోతున్న రోజుల్లో, అందరూ అటు పోతుంటే నేను ఇటు వచ్చాను. మాది గూడూరు పక్కన పల్లెటూరు. మా పెదనాన్న ఎవరెవరినో బతిమాలి జార్జిటౌనులో ఒక నాలుగంతస్తుల ఆఫీసులో నాకు లిఫ్టు నడిపే పని ఇప్పించాడు. ఉద్యోగంతోపాటు ఆయన పరువు కూడా తెచ్చి నా మెడకి కట్టినట్టయింది. వద్దని తిరిగిపోవడానికి వీల్లేదు.

మన కాలం వాళ్ళకి ఆ లిఫ్టులు గుర్తుండే ఉంటాయి. నాలుగు వైపులా ఇనప కమ్మీలు, మడతలు పడే తలుపు, తిప్పడానికి ఇత్తడి పిడి, చుట్టూ మెలికలు తిరుగుతూ పైకి పోయే మెట్లు. ఒక మూల స్టూలుండేది గాని, ఎవరెక్కినా నేను లేచి నిలబడాలి. అంతస్తు ఏదో చెప్పడం తప్ప నా నోట మాట రాకూడదని చేరిన రోజే మేనేజరు కట్టడి చేశాడు. పొద్దున తొమ్మిదింటికి లోపలికి పోతే సాయంత్రం దాకా అవే కమ్మీలు, కిందికి జారిపోయే అవే ఇటుకలు, ఎదురుగా అవే వీపులు. రోజంతా నేను పలికిన మాటలు ఒకటి, రెండు, మూడు, నాలుగు మాత్రమే అయిన రోజులు ఎన్నో ఉన్నాయి. సెలవునాడు సముద్రం దగ్గరికి పోయి ఇసకలో కూర్చున్నా, కాసేపటికి చూసుకుంటే నా కుడిచెయ్యి పిడి పట్టుకున్నట్టే బిగుసుకుని ఉండేది.

నేనుండే గది చూలైలో, తగరపు డబ్బాలు చేసే కార్ఖానా మీద. నాతో ఉండే ఇద్దరూ పెరంబూరు రైల్వే వర్కుషాపులో పనిచేసేవాళ్ళు. నేను వచ్చేసరికి వాళ్ళు డ్యూటీకి పోయేవాళ్ళు, నేను పోయేసరికి వచ్చి పడుకునేవాళ్ళు. అరవానికి నా నాలిక ఇంకా తిరగలేదు. ఇంటికి జాబు రాయబోతే కులాసా అన్న మాట తర్వాత ఏం రాయాలో తోచేది కాదు.

రోజూ మధ్యాహ్నం ఒక పెద్దావిడ గుమాస్తాల ఇళ్ళనుంచి భోజనం క్యారియర్లు గంపలో పెట్టుకుని తెచ్చేది. ఆవిడది చూలైలో తరాలనాటి తెలుగు కుటుంబం. లిఫ్టు దొరలకేగాని గంపలకి కాదు గనక, ఆవిడ నా పంజరం చుట్టూ మెట్లెక్కుతూ పోయేది. నేను పైకి పోతూ ఒకసారి, కిందికి వస్తూ ఒకసారి కమ్మీల్లోంచి ఆవిణ్ణి చూసేవాణ్ణి. ఒకనాడు నా మొహం చూసి, "ఏందబ్బయా, పలకవు? ఊరు మీద బెంగా?" అంది. అన్నాళ్ళ తర్వాత చెవిన పడ్డ మా వైపు తెలుగు అది. తల ఊపాను.

ఒకరోజు రెండో అంతస్తు మలుపులో ఆవిడ గంప దించి, మోకాలు పట్టుకుని, గోడకి చేరగిలబడి ఉంది. పెదాలు తెల్లబడి ఉన్నాయి. నేను లిఫ్టు ఆపి తలుపు తీశాను. "వద్దు నాయనా, నీ పని పోతాది," అంటూనే ఉంది, నేను గంప ఎత్తి లోపల పెట్టి, ఆవిణ్ణి నా స్టూలు మీద కూర్చోబెట్టాను. నాలుగో అంతస్తులో తలుపు తీసేసరికి ఎదురుగా మేనేజరు. ఆయన నన్ను తిట్టలేదు. వారం రోజులు రావద్దనీ, ఇంకొక్కసారి మాట దాటితే అసలే రానక్కర్లేదనీ మెల్లగా చెప్పి, మెట్లమీదుగా దిగిపోయాడు.

వారం రోజులు ఆ గదిలో, కింద సుత్తుల మోతలో గడపాలి. మర్నాడు పొద్దున్నే ఆవిడ నా గది వెతుక్కుంటూ వచ్చింది. "నా మూలాన గదా అబ్బయా ఇదంతా. కాళ్ళు ఆడటంలే. ఊరకుండే బదులు గంప మోస్తావా?" అంది. నేను వెంటనే చొక్కా తగిలించుకున్నాను.

ఆ వారంలోనే నేను మద్రాసులోకి అడుగుపెట్టానని చెప్పాలి. చూలై సందుల్లో ఇల్లిల్లూ తిరిగి క్యారియర్లు తీసుకునేవాళ్ళం. రోజూ నాకు వీపులు మాత్రమే చూపించే మనుషులకి ఇళ్ళున్నాయనీ, ఆ ఇళ్ళలో పసుపు ముద్దలాంటి చంటిపిల్లలూ, పక్షవాతం వచ్చిన తండ్రులూ, మూతి ముడుచుకున్న కొత్త కోడళ్ళూ ఉన్నారనీ గడపల దగ్గర నిలబడ్డాకగాని నాకు తెలియలేదు. నన్ను లోపలికి రానివ్వరు గనక, క్యారియర్లు పట్టుకుని ఆఫీసు మెట్ల దాకా పోయి, అక్కడ ఆవిడకి అప్పజెప్పేవాణ్ణి.

ఆఫీసు మూడో అంతస్తులో ఒక గుమాస్తా పనిచేసేవాడు. నలభై ఏళ్ళుంటాయి, పెళ్ళి కాలేదు. లిఫ్టెక్కితే తన చెప్పులకేసి చూస్తూ నిలబడేవాడు. ఆయన తల్లికి చూపు లేదు. తడుముకుంటూనే వండి, తడుముకుంటూనే క్యారియరు సర్దేది. అయిదోనాడు మా పెద్దావిడ వెనకబడింది, నేనొక్కణ్ణే ఆ గుమ్మం దగ్గర నిలబడ్డాను. నేను ఆ ఆఫీసు వాణ్ణేనని తెలిసి ఆ తల్లి క్యారియరు వదలకుండా అట్లాగే పట్టుకుంది.

"మావోడు ఆడ ఎవురితోనన్నా మాట్లాడతాడా నాయనా? ఇంట్లో ఉన్నాడో లేడో నాకు తెలీదు. తిన్నాక గిన్నె పెట్టిన చప్పుడే."

"మాట్లాడతారమ్మా, అందరితో బాగా మాట్లాడతారు," అన్నాను. ఆవిడ మొహం విప్పారింది. "అయితే మంచిదే. వంకాయ కూరలో ఉప్పు ఎక్కువైందేమో, కనుక్కొని చెప్పు," అంది.

ఆ అబద్ధం నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. సోమవారం మళ్ళీ ఖాకీ బట్టలు వేసుకుని పంజరంలోకి పోయాను. భోజనాల వేళ దాటాక ఆ గుమాస్తా ఎక్కాడు, ఒక్కడే. నోరు తెరిస్తే ఉద్యోగం పోవచ్చు. పెదనాన్న మొహం కళ్ళముందు కదిలింది. రెండో అంతస్తు దాటుతుండగా, "మొన్న వంకాయ కూరలో ఉప్పు ఎక్కువైందేమో అమ్మగారు కనుక్కోమన్నారు సార్," అనేశాను.

ఆయన తలెత్తి నన్ను చూశాడు. అన్నాళ్ళలో అదే మొదటిసారి. మూడో అంతస్తు వచ్చింది, తలుపు తీశాను, ఆయన దిగలేదు. "సరిపోయిందని చెప్పు," అన్నాడు. తర్వాత అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "ఎవరూ రావటంలేదు గదా, ఒకసారి కిందికి పోయి వద్దామా?" అన్నాడు.

పోయి వచ్చాం. ఆ కాసేపట్లో తల్లి నన్ను ఏమేం అడిగిందో ఆయన అడిగాడు, నేను అబద్ధం చెప్పిన సంగతి కూడా దాచకుండా చెప్పాను. ఆయన కోప్పడలేదు. కళ్ళజోడు తీసి, పంచె చెంగుతో తుడుచుకుంటూ నిలబడ్డాడు. మర్నాటినుంచి భోజనమయ్యాక ఒకసారి ఊరకే కిందికీ పైకీ తిరగడం మా ఇద్దరికీ అలవాటైంది. కొన్నాళ్ళకి ఆయన ఇంట్లో కూడా నోరు విప్పుతున్నాడని మా పెద్దావిడ చెప్పింది. ఆదివారాలు నేను ఆయన ఇంట్లోనో పెద్దావిడ ఇంట్లోనో తినేవాణ్ణి. పంజరం అట్లాగే ఉంది, కట్టడీ అట్లాగే ఉంది, నా కుడిచెయ్యి బిగుసుకోవడమూ మానలేదు. కాకపోతే ఎక్కిన ప్రతి వీపు వెనకా నాకు ఒక వంటిల్లు కనబడేది.

కొన్నేళ్ళకి ఆఫీసులో కాంటీను పెట్టారు. అందరికీ ఒకటే సాంబారు, ఒకటే కూర. క్యారియర్లు తగ్గిపోయి మా పెద్దావిడ రావడం మానేసింది. కొత్తగా చేరినవాళ్ళ ఇళ్ళు నాకు తెలియలేదు. వాళ్ళు నాకు వీపులుగానే మిగిలిపోయారు.

ఇప్పుడు మా పక్కింట్లో ఒక జంట ఉంటోంది. వచ్చి రెండేళ్ళయింది. పొద్దున గోడ అవతల మిక్సీ తిరిగితే వాళ్ళు ఇంట్లో ఉన్నారని నాకు తెలుస్తుంది. ఇవతల నేనున్నానని వాళ్ళకి ఏ చప్పుడు వల్ల తెలుస్తుందో, అసలు తెలుస్తుందో లేదో, నాకు తెలియదు.