తెల్లపెట్టె కింద దీపం

గాలి వేడి పొద్దుమాపు ఎట్ల మారుతదో మా చెల్లె బిడ్డ పరిశోధన చేస్తది. పోయిన నెల హాలియాల ఉన్న మా ఇంటి వాకిట్ల, వేడి కొలిచే మిషన్ ఉన్న తెల్లటి చెక్కపెట్టెను నాలుగు కాళ్ళమీద నిలబెట్టి పోయింది. ఈ రోజు వచ్చి, మిషన్ చూసి తల పట్టుకున్నది.

"పెద్దమ్మా, తెల్లారంగ అంతటా చల్లగుంటది. మనింట్ల అప్పుడే వేడి ఎక్కుతాంది. మా సారుకు ఏం చెప్పాలె?"

"పెట్టె కింద దీపం పెడ్తున్న గద బిడ్డా. చిన్న గుడి లెక్క ఉన్నది, చీకట్ల ఎట్లుంచాలె?"

దాని నెల కష్టం పాయె. దీపాన్ని తులసి కాడికి మార్చిన. పోయేటప్పుడు బిడ్డనే ఆ పెట్టెకు దండం పెట్టింది.

"నువ్వు మొక్కొచ్చునా?" అన్న.

"దండానికి వేడి ఉండదు పెద్దమ్మా."

రేపటి నుంచి నాది కూడా ఉత్త దండమే. ఏ దేవుని పేరు తలుచుకోవాల్నో తెల్వదు, మీకు తెలిస్తే చెప్పుండ్రి.