ఇద్దరం ఒకటే అన్న సాయంత్రం

ఐటీ ఉద్యోగాలు ఊపందుకున్న కాలంలో, సింగపూర్‌లోని టాంపినీస్ ప్రాంతంలో ఒక ఫ్లాట్‌లో ఉంటూ నేను తత్త్వశాస్త్రంలో పరిశోధన చేసేదాన్ని. విరుద్ధమైనవన్నీ చివరికి ఒకటిగా కలిసిపోతాయని ఒక జర్మన్ తత్త్వవేత్త అంటే, ఆ కలయికలో ఇమడనిది ఏమైపోతుందని తరవాతి ఫ్రెంచివాళ్లు నిలదీశారు. ఆ ప్రశ్న మీదే నా పని.

ఒక సాయంత్రం మా ఆయన అన్నం కలుపుతూ, "సిడ్నీ ట్రాన్స్‌ఫర్ కన్ఫర్మ్ చేసేశా" అన్నారు.

"నన్ను అడగలేదేం?"

"ఇద్దరం ఒకటే కదా, వేరే అడగాలా?"

"ఆ ఒకటి ప్రతిసారీ మీరే అవుతున్నారండీ. థీసిస్ అయ్యేదాకా నేను రాను."

ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "అయితే నేనొక్కణ్ణే వెళ్తా," అని లేచిపోయారు.

అలాగే వెళ్లారు. థీసిస్ ఇచ్చాకే నేను విమానం ఎక్కాను. మళ్లీ కలిసి బతుకుతున్నాం కానీ, ఆనాటి కోపం ఇద్దరిలోనూ ఇంకా పూర్తిగా పోలేదు.